పంది రక్తంలో హార్మోన్లు: అంకె పక్కన తేదీ కూడా ఉండాలి

ఒక తల్లిపంది రక్తం తీసి పరీక్ష చేయిస్తే చూలును నిలబెట్టే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు అని వచ్చిందనుకుందాం. ఆ పంది చూడిదా, కాదా? ఈ ఒక్క అంకె చూసి ఎవరూ చెప్పలేరు. ఎదకు వచ్చి పది రోజులైన, చూడి కాని పందికీ అంతే ఉండొచ్చు. రెండు నెలల చూడి పందికీ అంతే ఉండొచ్చు. బూజు పట్టిన మొక్కజొన్న తిని, కడుపులో పిల్లలు లేకపోయినా ఉన్నాయని శరీరం పొరబడిన పందికీ అంతే ఉండొచ్చు. ఆ పంది చివరిసారి ఎప్పుడు ఎదకు వచ్చిందో రాసిపెట్టుకున్న రైతుకే ఆ రిపోర్టు ఉపయోగపడుతుంది.

పందుల పెంపకం పుస్తకాల్లో హార్మోన్ల పట్టికలు ఉంటాయి. ఒక గడిలో దశ, పక్క గడిలో అంకె. అసలు సంగతి మాత్రం ఆ గడుల్లో దొరకదు. ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌నే తీసుకుంటే, ఎద ముందు అది అండం విడుదలకు దారి తీస్తుంది. దాటించిన పన్నెండో రోజున పిండాల నుంచి వస్తే చూలు నిలబెడుతుంది. అదే రెండు రోజులు ముందు బయట నుంచి వస్తే పిండాలను చంపేస్తుంది. ఈ తేదీల పట్టింపు ఆవు, గేదెల్లో కన్నా పందిలో ఎక్కువ. ఆవుల దగ్గర బాగా పనిచేసే ఇంజెక్షన్ పందికి చేస్తే ఎందుకు వృథా అవుతుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది.

ముందుగా ఈ హార్మోన్ల గొలుసు గురించి క్లుప్తంగా. మెదడు అడుగున ఉండే హైపోథలామస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను విడతలు విడతలుగా వదులుతుంది. దాంతో పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఆడపందిలో అవి అండాశయాలను, మగపందిలో వృషణాలను పనిచేయిస్తాయి. అక్కడ తయారయ్యే ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్, టెస్టోస్టిరాన్ మళ్లీ మెదడు దాకా వెళ్లి పైనుంచి వచ్చే ఆదేశాన్ని తగ్గిస్తాయి, కొన్ని సమయాల్లో పెంచుతాయి. ఎల్‌హెచ్ అలలు అలలుగా వస్తుంది కాబట్టి ఒక్కసారి తీసిన రక్తంలో అల పైభాగం దొరికిందో అడుగుభాగం దొరికిందో తెలియదు. పరిశోధనల్లో మెడ దగ్గరి సిరలో సన్నని గొట్టం అమర్చి, 10 లేదా 15 నిమిషాలకోసారి, గంటల తరబడి రక్తం తీసేది ఇందుకే.

కొలతల సంగతి కూడా చెప్పుకోవాలి. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్ల వంతు. పికోగ్రాము అందులో వెయ్యో వంతు. ప్రొజెస్టిరాన్‌ను నానోగ్రాముల్లో, ఈస్ట్రోజన్‌లో ముఖ్యమైన ఎస్ట్రాడయోల్‌ను పికోగ్రాముల్లో కొలుస్తారు. ఎదకు ముందు ఎస్ట్రాడయోల్ ఎంత పెరిగినా మిల్లీలీటరుకు సుమారు 50 పికోగ్రాములే. పది రోజుల తర్వాత ప్రొజెస్టిరాన్ 30 నానోగ్రాములు, అంటే 30,000 పికోగ్రాములు. ఆరువందల రెట్లు తక్కువగా ఉన్నదే పందిని నిలబెట్టి ఎదకు తెస్తోంది. హార్మోన్ల విషయంలో పరిమాణం చూసి బలం అంచనా వేయకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

తల్లి కడుపులో మొదలయ్యే కథ

పిండం ఆడో మగో అన్న తేడా పందిలో దాదాపు నాలుగో వారంలో కనపడటం మొదలవుతుంది. మగ పిండంలో వృషణం ఏర్పడిన కొద్ది రోజులకే టెస్టోస్టిరాన్ తయారీ మొదలవుతుంది. జననాంగాలను మగ రూపంలోకి మలిచేది ఇదే. ఆడ పిండంలో ఈ సందడి ఉండదు. కానీ అండకణాల సంఖ్య అప్పుడే లక్షల్లోకి చేరుతుంది, వాటిలో సగానికి పైగా పుట్టకముందే నశిస్తాయి. జీవితాంతం ఎదకు ఇరవై చొప్పున అండాలు విడుదలైనా ఆ నిల్వ తరగదు.

మగపందిలో టెస్టోస్టిరాన్ మూడుసార్లు పెరుగుతుంది. మొదటిది తల్లి కడుపులో, మూడోది యుక్తవయసులో. మధ్యలో పుట్టిన 2 నుంచి 4 వారాల మధ్య ఇంకోసారి పెరిగి, మళ్లీ తగ్గిపోతుంది. పాలు తాగే పిల్లకు టెస్టోస్టిరాన్ ఎందుకని అనిపిస్తుంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే వృషణంలో సెర్టోలి కణాలు వేగంగా పెరుగుతాయి. ఒక్కో సెర్టోలి కణం కొన్ని వీర్యకణాలను మాత్రమే పోషించగలదు. కాబట్టి పెద్దయ్యాక ఆ మగపంది ఎన్ని వీర్యకణాలు ఇవ్వగలదన్న లెక్క చాలావరకు పసితనంలోనే తేలిపోతుంది. బ్రీడింగ్ కోసం ఉంచుకునే మగపిల్లకు మొదటి నెలలో పాలు చాలకపోతే తర్వాత ఎంత మేపినా ఆ లోటు పూర్తిగా తీరదు. అయినా మన దగ్గర మగపందిని ఎంచుకునేది పెద్దయ్యాక ఒడ్డూ పొడుగూ చూసే!

మగపంది ఒక స్టెరాయిడ్ కర్మాగారం

ఐదారు నెలల వయసులో మూడో పెరుగుదల మొదలయ్యాక మగపంది వృషణాలు చేసే పని ఆశ్చర్యం కలిగిస్తుంది. టెస్టోస్టిరాన్ సరే, దాంతోపాటు ఈస్ట్రోజన్లు కూడా భారీగా తయారవుతాయి. మగ జంతువుల్లో ఇంత ఈస్ట్రోజన్ ఉండేది పందిలోనూ గుర్రంలోనూ. వీర్యంలో కూడా ఈస్ట్రోజన్లు ఉంటాయి. దాటినప్పుడు అవి ఆడపంది గర్భాశయంలో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని విడుదల చేయించి, కండరాలు ముడుచుకునేలా చేసి, వీర్యం పైకి వెళ్లడానికి తోడ్పడతాయి. మగపంది ఒక్కసారికి 200 నుంచి 300 మిల్లీలీటర్ల వీర్యం వదులుతుంది. అంత ద్రవం పొడవాటి గర్భాశయ కొమ్ముల్లో పైదాకా పోవాలంటే ఈ సాయం అవసరమే.

అదే వృషణాల్లో ఆండ్రోస్టెనోన్ అనే ఇంకో స్టెరాయిడ్ (టెస్టోస్టిరాన్, ఈస్ట్రోజన్ల కుటుంబానికే చెందిన పదార్థం) కూడా తయారవుతుంది. అది కొవ్వులో పేరుకుని, మాంసం ఉడికేటప్పుడు ఘాటైన కంపు కొడుతుంది. పేగుల్లో పుట్టే స్కాటోల్ దానికి తోడవుతుంది. మగపిల్లలకు మొదటి వారంలోనే వట్టలు తీసేయడానికి ప్రధాన కారణం ఈ వాసనే. చాలాచోట్ల మత్తు ఇవ్వకుండానే ఆ పని చేస్తారు. ఆ పిల్లకు అది నిజమైన నొప్పి, దాన్ని మామూలు విషయంగా తీసుకోవడం సరికాదు. దీనికి మార్గం లేకపోలేదు. జీఎన్‌ఆర్‌హెచ్‌కు వ్యతిరేకంగా పనిచేసే టీకా 1998 నుంచి ఆస్ట్రేలియాలో, 2009 నుంచి యూరప్‌లో వాడుకలో ఉంది. ఇంప్రోవాక్ అన్నది దాని పేరు. కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు ఇస్తే, రెండో డోసు తర్వాత గొలుసు పైకొసే తెగిపోతుంది. ఎల్‌హెచ్ పడిపోతుంది, వృషణాలు కుంచించుకుపోతాయి, వాసన తగ్గిపోతుంది. బ్రిటన్, ఐర్లండ్‌లలో వేరే పద్ధతి. అక్కడ యుక్తవయసు పూర్తిగా రాకముందే కోతకు పంపుతారు కాబట్టి చాలావరకు వట్టలు తీయరు.

మాంసానికి చెడ్డపేరు తెచ్చే ఈ ఆండ్రోస్టెనోనే ఆడపందికి కబురు. అది మగపంది దవడ కింది లాలాజల గ్రంథులకు చేరి, నోట్లో నురగతో బయటకు వస్తుంది. ఎదలో ఉన్న ఆడపంది ఆ వాసన తగలగానే చెవులు నిక్కించి, వీపు మీద నొక్కినా కదలకుండా నిలబడిపోతుంది.

ఆరు నెలల మౌనం

ఇంకా ఈనని పడుచు ఆడపందిని ఫారాల్లో గిల్ట్ అంటారు. పుట్టిన మొదటి వారాల్లో దాని ఎల్‌హెచ్ కాస్త ఎక్కువగానే ఉండి, తర్వాత తగ్గి, నెలల పాటు అడుగునే ఉంటుంది. అండాశయం మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంటుంది. ఇంకా ఎదకు రాని గిల్ట్‌కు ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌ల పనిని చేసే పీఎంఎస్‌జీ, హెచ్‌సీజీ అనే హార్మోన్ల ఇంజెక్షన్లు ఇస్తే అండాలు విడుదల కాగలవు. అడ్డు మెదడు దగ్గర ఉంటుంది. ఆ వయసులో రవ్వంత ఈస్ట్రోజన్ ఉన్నా హైపోథలామస్ ఎల్‌హెచ్ అలలను అణిచేస్తుంది. వయసు వచ్చేకొద్దీ ఆ అణచివేత సడలుతుంది. అందుకే ఇంజెక్షన్‌తో ముందుగా ఎదకు తెచ్చిన చిన్న గిల్టుల్లో చాలావరకు తర్వాతి ఎదకు మళ్లీ రావు, చూలు నిలిచినా పోతుంది.

లార్జ్ వైట్ యార్క్‌షైర్ లాంటి జాతుల్లో ఈ మౌనం సాధారణంగా 6 నుంచి 8 నెలల మధ్య వీడుతుంది. చైనాకు చెందిన మీషాన్ జాతి మూడు నెలలకే ఎదకు వస్తుంది. జాతి ఎంత తేడా తెస్తుందో ఈ రెంటినీ పోలిస్తే తెలుస్తుంది. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం యార్క్‌షైర్‌ను దేశవాళీ పందితో సంకరపరిచి రూపొందించిన టీ-17 లాంటి రకాలు పెంచేవాళ్లు విదేశీ జాతుల పట్టికలను యథాతథంగా నమ్మకుండా, తమ మందలో గిల్టులు ఏ వయసుకు ఎదకు వస్తున్నాయో సొంతంగా రాసుకోవడం మేలు.

ఖర్చు లేకుండా ఈ మౌనాన్ని ముందుగా వీడేలా చేసే ఉపాయం ఒకటుంది. గిల్టులకు 160 రోజులు దాటాక రోజూ కాసేపు మగపందిని ఎదురెదురుగా చూపిస్తే ఎద ముందుకు జరుగుతుంది. ఆ మగపంది పది నెలలు దాటినదై ఉండాలి. ఆరు నెలల కుర్ర మగపందికి లాలాజలంలో ఆ వాసన ఇంకా చాలదు. లాలాజల గ్రంథులు తీసేసిన మగపందులు ఈ పని సరిగా చేయలేకపోయాయని ప్రయోగాల్లో తేలింది. ఊళ్లలో తిరుగుతూ పెరిగే నల్లపందుల మందలో ఆడా మగా కలిసే ఉంటాయి కాబట్టి ఇది దానంతట అదే జరిగిపోయేది. తరతరాలుగా పందులు పెంచిన ఎరుకల కుటుంబాల మందల్లో ఎద రోజును మనిషి కనిపెట్టాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. షెడ్డు కట్టి ఆడవాటిని, మగవాటిని వేరుచేశాక ఆ బాధ్యత మనిషి నెత్తిన పడింది.

ఇరవై ఒక్క రోజులు, ఆవుకూ పందికీ ఉన్న తేడా

ఎద చక్రం 21 రోజులు, అటూ ఇటూగా 18 నుంచి 24. అండపుటికలు, అంటే అండాశయంలో అండాలుండే చిన్న సంచులు, పెరిగేకొద్దీ ఎస్ట్రాడయోల్ పెరుగుతుంది. అది ఒక స్థాయి దాటాక, ఇన్నాళ్లూ ఎల్‌హెచ్‌ను అణిచిన ఈస్ట్రోజనే దాన్ని ఒక్కసారిగా ఎగదోస్తుంది. ఆ ఉప్పెన వచ్చిన సుమారు 40 గంటలకు అండాలు విడుదలవుతాయి. తల్లిపందిలో ఎద రెండు మూడు రోజులు ఉంటే, అండాల విడుదల ఎద మూడింట రెండు వంతులు గడిచాక జరుగుతుంది. ఎద కనపడగానే ఒక్కసారి దాటించి ఊరుకుంటే చూలు నిలవకపోవడానికీ, పిల్లలు తక్కువ కావడానికీ తరచూ ఇదే కారణం.

అండం విడుదలైన ప్రతి చోటా కార్పస్ లూటియం ఏర్పడుతుంది. ఆ పేరుకు పసుపు ముద్ద అని అర్థం. పందిలో అది గులాబీ రంగు కండలా ఉంటుంది. ఎద రోజున ఒక నానోగ్రాము కూడా లేని ప్రొజెస్టిరాన్ ఈ ముద్దల వల్ల నాలుగో రోజు నుంచి ఎగబాకి, రెండో వారంలో 20 నుంచి 35 నానోగ్రాములకు చేరుతుంది. చూలు లేకపోతే 15, 16 రోజులప్పుడు గర్భాశయం ప్రోస్టాగ్లాండిన్ వదిలి వీటిని కరిగించేస్తుంది. ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, మళ్లీ ఎద.

ఆవుకు, గేదెకు ఎద వచ్చి ఐదారు రోజులు దాటితే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ పనిచేస్తుంది, రెండు మూడు రోజుల్లో ఎదకు తెస్తుంది. పాడి రైతులకు ఇది బాగా తెలిసిన వైద్యం. పంది కార్పస్ లూటియం మాత్రం దాదాపు 12వ రోజు దాకా ఆ మందుకు లొంగదు. లొంగే రోజు వచ్చేసరికి అది తనంతట తానే కరిగే సమయం దగ్గరపడుతుంది. అందుకే పందుల్లో అన్నిటినీ ఒకేసారి ఎదకు తేవాలంటే తిరగేసి ఆలోచించాలి. ఆల్ట్రెనోజెస్ట్ అనే ప్రొజెస్టిరాన్ లాంటి మందును రెండు వారాలకు పైగా రోజూ దాణాలో పెట్టి, ఒకేరోజు ఆపేస్తారు. అణచివేత అందరిలోనూ ఒకేసారి ఎత్తేసినట్టు కాబట్టి వారం రోజుల్లో గిల్టుల్లో ఎక్కువభాగం ఎదకు వస్తాయి.

పందికి, ఆవుకు ఇంకో చుట్టరికం ఉంది. మేలుజాతి ఆవుల్లో ఒకేసారి ఎక్కువ అండాలు తెప్పించడానికి ఇచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్ మందును పందుల పిట్యూటరీ గ్రంథుల నుంచే తీస్తూ వచ్చారు.

పదకొండో రోజు, పన్నెండో రోజు

పంది జీవితం మొత్తంలో హార్మోన్ల పరంగా అన్నిటికన్నా కీలకమైనవి ఈ రెండు రోజులే. పిండాలు ఇంకా గర్భాశయ గోడకు అతుక్కోలేదు. తల్లి శరీరానికి అవి ఉన్నాయని తెలియదు. మూడు నాలుగు రోజుల్లో ప్రోస్టాగ్లాండిన్ వచ్చి కార్పస్ లూటియంలను కరిగించేస్తే చూలు అక్కడితో ముగుస్తుంది. అప్పుడు సెంటీమీటరంత గోళీలా ఉన్న పిండం గంటల్లో దారంలా సాగుతుంది. పదహారో రోజుకు దాదాపు మీటరు పొడవు కూడా అవుతుంది. సాగుతూ ఈస్ట్రోజన్ వదులుతుంది. దాంతో గర్భాశయం ప్రోస్టాగ్లాండిన్‌ను రక్తంలోకి పంపడం మానేసి, తన లోపలి ఖాళీలోకి మళ్లించుకుంటుంది. అండాశయానికి చేరాల్సిన విషం దారి తప్పిందన్నమాట. అమెరికా శాస్త్రవేత్తలు బేజర్, థాచర్ 1977లో ఈ వివరణ ఇచ్చారు. 2019లో మిస్సోరీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పని దానికి ఒక సవరణ చేర్చింది. ఈస్ట్రోజన్ తయారుచేయలేని విధంగా జన్యువు తీసేసిన పిండాలు కూడా మొదట్లో కార్పస్ లూటియంలను నిలబెట్టగలిగాయి గానీ, నెల దగ్గరికొచ్చేసరికి చూలు పోయింది. అంటే తొలి కబురులో ఇతర పదార్థాలకూ వాటా ఉంది, చూలు నిలవాలంటే మాత్రం ఈస్ట్రోజన్ తప్పదు.

ఒకటో రెండో పిండాలు పంపే కబురు చాలదు. ఈ దశలో కనీసం నాలుగు పిండాలు ఉంటేనే పందిలో చూలు సాధారణంగా నిలుస్తుంది.

ఇప్పుడు బూజు సంగతి. మొక్కజొన్న తడిగా ఉండగానే నిల్వ చేస్తే ఫ్యుసేరియం అనే బూజు పడుతుంది. అది జీరలెనోన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. దాని నిర్మాణం ఈస్ట్రోజన్‌ది కాకపోయినా, శరీరం దాన్ని ఈస్ట్రోజన్‌గానే తీసుకుంటుంది. పైగా పంది కాలేయం దాన్ని ఇంకా బలమైన రూపంలోకి మారుస్తుంది కాబట్టి పశువులన్నిటిలో పందికే ఎక్కువ దెబ్బ. అదే దాణా నాలుగు దశల్లో ఉన్న పందులకు పెడితే నాలుగు రకాల ఫలితాలు వస్తాయి. ఇంకా ఎదకు రాని గిల్టులో యోని వాచి ఎర్రబడుతుంది, చూసినవాళ్లు ఎదకు వచ్చిందనుకుంటారు. చక్రం మధ్యలో ఉన్న, చూడి కాని పందిలో ఆ విషం పన్నెండో రోజు పిండాల కబురును అనుకరిస్తుంది. కార్పస్ లూటియంలు కరగవు, పంది వారాల తరబడి ఎదకు రాదు, రైతు అది చూడిదనే నమ్మి మేపుతాడు. దాటించిన 7 నుంచి 10 రోజుల మధ్య తగిలితే, గర్భాశయాన్ని సమయానికి ముందే సిద్ధం చేసేసి పిండాలు చనిపోయేలా చేస్తుంది. నెలలు నిండిన తల్లి తింటే పుట్టిన ఆడపిల్లల్లో కూడా వాపు కనపడవచ్చు.

యూరోపియన్ యూనియన్ సూచన ప్రకారం పిల్లలకు, గిల్టులకు పెట్టే దాణాలో కిలోకు 0.1 మిల్లీగ్రాము, తల్లిపందులకు 0.25 మిల్లీగ్రాము మించకూడదు. మామూలుగా ఉడికిస్తే ఈ విషం పోదు. మొక్కజొన్న విరివిగా పండే తెలుగు రాష్ట్రాల్లో వానకు తడిసి, మార్కెట్లో ధర రాని గింజ పందుల తొట్టికి చేరడం తేలిక. చూలు నిలవట్లేదని హార్మోన్ ఇంజెక్షన్ల కోసం పరుగెత్తే ముందు ఆ గింజను చేత్తో తీసి వాసన చూడాలి. పైకి బాగున్న గింజలోనూ విషం ఉండొచ్చు, కాబట్టి అనుమానం ఉంటే దాణాను ల్యాబుకు పంపాలి.

నూట పద్నాలుగు రోజులు

మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు: పంది చూడి కాలాన్ని గుర్తుపెట్టుకునే లెక్క ఇది. గొర్రెలో రెండో నెల నుంచి మాయ ప్రొజెస్టిరాన్ బాధ్యత తీసుకుంటుంది. పందిలో అలా కాదు, ఆఖరి రోజు దాకా కార్పస్ లూటియంలే దిక్కు. ఏ రోజున అవి పోయినా చూలు పోతుంది. మధ్య నెలల్లో ప్రొజెస్టిరాన్ 20 నానోగ్రాముల చుట్టుపక్కల ఉండి, ఈనే ముందు వారాల్లో మెల్లగా తగ్గుతుంది. పిండాల వైపు నుంచి వచ్చే ఎస్ట్రోన్ సల్ఫేట్ అనే ఈస్ట్రోజన్ 23 నుంచి 30 రోజుల మధ్య ఒకసారి పెరిగి, పడిపోయి, మూడో నెల నుంచి మళ్లీ ఎక్కుతుంది. ఆ మొదటి పెరుగుదలను చూలు పరీక్షకు వాడుకోవచ్చు. నలభయ్యో రోజున చేస్తే మాత్రం నిజంగా చూడి అయిన పందికీ తక్కువే రావచ్చు. ఇక్కడా తేదీయే ముఖ్యం.

కార్పస్ లూటియంలు ఈ నెలల్లో రిలాక్సిన్ అనే ఇంకో హార్మోన్‌ను తయారుచేసి, ఈత ముందు రోజు దాకా తమలోనే దాచుకుంటాయి.

ఈత, పాలు, మళ్లీ ఎద

ఈత ఎప్పుడన్నది పిల్లలే తేలుస్తాయి. వాటి శరీరంలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరగడంతో తల్లి గర్భాశయం ప్రోస్టాగ్లాండిన్ వదులుతుంది. కార్పస్ లూటియంలు కరుగుతూ దాచుకున్న రిలాక్సిన్‌ను వదిలేస్తాయి, గర్భాశయ ముఖం మెత్తబడుతుంది. ప్రొజెస్టిరాన్ కూలుతుంది, ఈస్ట్రోజన్ శిఖరంలో ఉంటుంది, పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ పొంగుతుంది. దాదాపు ఒక రోజు ముందు నుంచి తల్లి గూడు కట్టుకోవాలని తహతహలాడుతుంది. సిమెంటు నేల మీద, తిరగడానికి చోటులేని ఇనుప బోనులో కూడా కాళ్లతో గీరుతూనే ఉంటుంది. అది హార్మోన్లు పుట్టించిన తపన, దాన్ని ఆపడం పంది చేతిలో లేదు. నాలుగు గుప్పెళ్ల వరిగడ్డి వేస్తే ఆ తపన తీరుతుంది. భయం, ఒత్తిడి ఉంటే మెదడులో ఓపియాయిడ్లు (శరీరమే తయారుచేసుకునే నల్లమందు లాంటి పదార్థాలు) పెరిగి, గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ హార్మోన్‌ను అణుస్తాయి, ఈత ఆలస్యమవుతుంది. అప్పుడు కంగారుపడి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు చేస్తే గర్భాశయం బిగుసుకుని, బొడ్డుతాడు నలిగి, కడుపులోనే పిల్లలు చనిపోయే ప్రమాదం ఉంది. పశువైద్యుడు చూడకుండా ఆ సూది జోలికి పోకూడదు.

ఈనాక పిల్లలు ముప్పావుగంటకో గంటకో ఒకసారి పాలు తాగుతాయి. ఎంతసేపు చీకినా, ఆక్సిటోసిన్ వల్ల పాలు దిగేది పది ఇరవై సెకన్లే. ఆ సమయానికి రొమ్ము దొరకని పిల్లకు ఆ పూట అంతే. ఇలా చీకుతున్నంత కాలం జీఎన్‌ఆర్‌హెచ్ అలలు అణిగి ఉంటాయి, ఎల్‌హెచ్ తక్కువ, ఎద ఉండదు. ఈ అణచివేతలోనూ ఓపియాయిడ్ల పాత్ర ఉంది. వాటిని అడ్డుకునే నాలోక్సోన్ ఇస్తే పాలిచ్చే తల్లిలో ఎల్‌హెచ్ పైకి లేచింది.

పిల్లల్ని వేరుచేసిన కొద్ది గంటల్లోనే అలలు మొదలై, 4 నుంచి 7 రోజుల్లో తల్లి ఎదకు వస్తుంది. మొదటి ఈత పంది దగ్గరే ఇబ్బంది. దాని శరీరం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. దాని మేత శక్తి తక్కువ, పాలకు డిమాండ్ మాత్రం పెద్ద తల్లికి ఉన్నంతే. బాగా చిక్కిపోతే ఇన్సులిన్, ఎదుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ తగ్గి, పిల్లలు వెళ్లిపోయినా ఎల్‌హెచ్ అలలు పుంజుకోవు. ఎద పది, పన్నెండు రోజులకు జరుగుతుంది, రెండో ఈతలో పిల్లలూ తగ్గుతారు. అందుకే తొలి ఈత తల్లికి పాలిచ్చే రోజుల్లో రెండు పూటల బదులు మూడు పూటలు, తిన్నంత దాణా పెట్టాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం మేత ముట్టదు కాబట్టి తెల్లవారకముందే ఒక పూట, చల్లబడ్డాక రెండు పూటలు.

పెద్ద ఫారాలు కొన్ని పిల్లల్ని గురువారం వేరుచేస్తాయి. ఆ లెక్కన తల్లులు సోమ, మంగళవారాల్లో ఎదకు వస్తాయి, పనివాళ్లు అందరూ ఉన్న రోజుల్లో దాటింపు అయిపోతుంది. శుక్రవారం నుంచి రోజూ పొద్దున మగపందిని వాటి ముందు నుంచి నడిపిస్తారు. ఏ తల్లి చెవులు నిక్కించి కదలకుండా నిలబడిందో చూసి, ఆ తేదీ, ఆ గంట గోడ మీది కార్డులో రాస్తారు.